గొట్టం ఎటు తిరిగి ఉంది

"ఏ పిస్తోలయితే మంచిది మావా?"

మా అక్క కొడుకు అడిగాడు. వాడు ఆటో తోలుకుంటాడు. మా పల్లె శ్మశానం దారికి అడ్డంగా ఆసాములు కంచె వేస్తే అట్రాసిటీ కేసు పెట్టిన నలుగురిలో వాడొకడు. సాక్షి కూడా. కేసు పెట్టిన నెలలోపే రాత్రిపూట రెండు మోటారు సైకిళ్ళు వాడి ఆటో వెనక రావడం మొదలైంది. ఒకరోజు పక్కకొచ్చి, "కూతురు ఏ బళ్ళో చదువుతుందిరా?" అని అడిగి పోయారు. ఏమీ అనలేదు, అంతే అడిగారు. ఆ మాటకి అర్థం మన పల్లెల్లో పుట్టినోళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

వాడు నా దగ్గరికే ఎందుకొచ్చాడంటే, నేను ఒక కలెక్టరేటులో ఆయుధాల లైసెన్సుల ఫైళ్ళు చూసే సెక్షన్లో చాలా ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను. తుపాకీ సంగతి నాకు కాగితం మీద తెలుసు. మా అయ్య కాలిపిక్కలోంచి కూడా తెలుసు. రెండోది ముందు చెప్తాను.

మా అయ్యకి తుపాకీ గురించి తెలిసినంత మా ఊళ్ళో ఎవరికీ తెలవదు. జన్మలో ఒక్కసారి కూడా పేల్చలేదాయన. ఆసామి దగ్గర పాలేరు. ఆసామికి పన్నెండు బోరు రెండు గొట్టాల తుపాకీ ఉండేది. లైసెన్సు ఆసామిది, బరువు మా అయ్యది. కోతలయ్యాక కాలవ గట్ల వెంట పరజల వేటకి పోయేవాళ్ళు. అప్పటికింకా 1972 వన్యప్రాణి చట్టం రాలేదు. తూటాల సంచి, తుపాకీ, చచ్చిన పిట్టలు, అన్నీ మా అయ్య భుజాన్నే. ఇంటికొచ్చాక వెదురుపుల్లకి పాతపంచె గుడ్డ చుట్టి, నూనె తడిపి, గొట్టాలు తుడిచేవాడు. తుపాకీని మధ్యకి విరిచి, గొట్టాలు ఎండకెత్తి, లోపల మచ్చుందేమోనని ఒక కన్ను మూసి చూసేవాడు. ఆ ఇంట్లో నీళ్ళకుండ ముట్టుకుంటే మైల. తుపాకీ ముట్టుకుంటే మైల లేదు. ఎందుకయ్యా అని నేనడిగితే నవ్వేవాడు గానీ చెప్పలా.

ఆయనకి నేర్పినోడు ఎవడూ లేడు. చూసి, భయపడి నేర్చుకున్నాడు. విరిచి చూపించకుండా ఎవడన్నా తుపాకీ చేతికిస్తే తీసుకోకు. ఖాళీ తుపాకీ అనే మాట నమ్మకు. గొట్టం ఎప్పుడూ నేలకో ఆకాశానికో చూడాలి గాని మనిషికేసి చూడకూడదు. కొట్టేది కనపడేదాకా వేలు లోపలికి పోకూడదు. గట్టు దాటేటప్పుడు తూటాలు తీసెయ్యాలి. పిట్ట వెనక పొదలో గొడ్లకాడి పిల్లోడెవడన్నా ఉన్నాడేమో చూసుకోవాలి.

1969లో కావచ్చు, ఆసామి కొడుకు పట్నంలో కాలేజీ చదువుతూ సెలవలకొచ్చాడు. వేటకి పోదామన్నాడు. ఆ రోజు తుపాకీ ఆయన చేతిలోనే ఉంది. మా అయ్య ముందు నడుస్తున్నాడు. గట్టు దాటబోతూ, "చినబాబూ, విరవండి" అన్నాడంట. "నాకు నువ్వు చెప్పేదేందిరా" అన్నాడంట ఆయన. గట్టు జారింది. తుపాకీ పేలింది. రవ్వలు మా అయ్య పిక్కలో దిగినయ్. ఆసుపత్రికి పోతే కేసవుద్దని ఊరి ఆరెంపీ చేతే తీయించారు. ముళ్ళకంప మీద పడ్డాడని చెప్పుకున్నారు. మాకు ఒక బస్తా వడ్లు వచ్చినయ్. నెల తిరక్కముందే ఆ తుపాకీని మళ్ళీ మా అయ్యే తుడిచాడు.

రెండు రవ్వలు లోపలే ఉండిపోయినయ్. చిన్నప్పుడు మేము ఆయన పిక్క మీద వేలు పెట్టి వాటిని అటూ ఇటూ జరిపి ఆడుకునేవాళ్ళం.

తుపాకీ జాగ్రత్తలని ఏ దేశపు పుస్తకంలో చూసినా ఈ నాలుగు ముక్కలే ఉంటాయి: ప్రతి తుపాకీ నిండుగా ఉందనుకో, చంపదలచుకోని దానికేసి గొట్టం తిప్పకు, గురి కుదిరేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకు, గురి వెనక ఏముందో చూసుకో. నేనవి చదివినప్పుడు మా అయ్య గుర్తొచ్చాడు. తేడా ఒక్కటే. ఆ పుస్తకాలు తుపాకీ పట్టుకున్నోడి కోసం రాసినవి. మా అయ్య రూల్సు గొట్టానికి ముందు నడిచేవాడివి.

ఇక కాగితం సంగతి. 1959 ఆయుధాల చట్టంలో పద్నాలుగో సెక్షనులో ఒక మాట ఉంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని. నేను ఆ సెక్షన్లో చేరిన మొదటి వారమే అది చదివి ఆశ్చర్యపోయాను. మనకోసమే రాసినట్టుంది. తర్వాత దరఖాస్తులు చూశాను. కాంట్రాక్టర్లు, మిల్లు ఓనర్లు, సారా వ్యాపారం చేసి పెద్దమనుషులైనవాళ్ళు, వాళ్ళ బావమరుదులు. మనవాళ్ళు రాలేదా అంటే వచ్చారు. సైన్యంలో చేసి రిటైరై, బ్యాంకు గార్డు ఉద్యోగానికి సొంత తుపాకీ కావాలంటే లైసెన్సు కోసం వచ్చినవాళ్ళు. నా చేతి మీదుగా పోయిన ఫైళ్ళలో మనవాడికి తుపాకీ వచ్చిందంటే అది బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడటానికి. ఇతరుల డబ్బు కాపాడటానికి మనం పనికొస్తాం. మన పేటకి పోయేటప్పుడు ఆ తుపాకీ చూస్తేనే ఊరికి ఒళ్ళు మండుద్ది.

1995లో అత్యాచారాల నిరోధక చట్టం కింద రూల్సు వచ్చినయ్. మూడో రూలు చదవని కార్యకర్త ఉంటే ఇవాళే చదవాలి. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలని ప్రభుత్వం గుర్తించి, అక్కడ అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలు కాని వాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, తుపాకులు సర్కారు ఆయుధాగారంలో జమ చేయించాలి. దొంగ తుపాకులు పట్టుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకి ప్రాణరక్షణ కోసం లైసెన్సులు ఇవ్వాలి. ఈ వరస చూడండి. ముందు వాళ్ళవి తీసుకోమంది, తర్వాత మనకిమ్మంది. ఆ కాగితం పట్టుకుని నేను మా సూపరింటెండెంటు దగ్గరికి పోయి, మన జిల్లాలో ఈ పని ఎవరు చేస్తున్నారండీ అని అడిగాను. "అది సోషల్ వెల్ఫేరోళ్ళ సబ్జెక్టయ్యా" అన్నాడు. సోషల్ వెల్ఫేరుకి పోతే, తుపాకులు మాకేం సంబంధం అన్నారు. నేను ఉన్నన్నాళ్ళూ ఆ రూలు కింద ఒక్క ఫైలు కూడా పుట్టలేదు.

సరే, మావాడి ప్రశ్నకి జవాబు చెప్పాలిగా. ప్రాణానికి భయపడి అడిగినోడికి ఉపన్యాసం ఇవ్వకూడదు. తెలిసింది చెప్పాను.

తొమ్మిది ఎమ్మెం పిస్తోలు మామూలు మనుషులకివ్వరు, అది నిషేధిత బోరు. మనకి అందేది .32. అందులో రెండు రకాలు. పిస్తోలుకి మ్యాగజైను ఉంటుంది. మ్యాగజైను తీసేశాను గదా, ఖాళీ అయిందనుకుంటారు. గొట్టం మొదట్లో ఒక తూటా ఉండిపోద్ది. ఇళ్ళల్లో చావులు అక్కడే. పైభాగం వెనక్కి లాగి కంటితో చూసి, వేలుతో తడిమితే గాని అది ఖాళీ కాదు. రివాల్వరుకి గుండ్రటి చక్రం ఉంటుంది, తెరిస్తే ఆరు గదులూ కనపడతయ్. మొరాయించడం తక్కువ. రోజూ సాధన చెయ్యలేని వాడికి రివాల్వరే మేలు. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ నిర్భీక్ అని ఒకటి తెచ్చింది, ఆడవాళ్ళకోసమని చెప్పి. అరకిలో బరువు. అప్పట్లోనే లక్షా ఇరవైవేల పైన ధర. ఏ ఆడవాళ్ళ కోసమో ధర చూస్తే తెలుస్తుంది.

"జేబులో పెట్టుకుంటే?"

పెట్టుకోకూడదు. తాళాలో చిల్లరో ట్రిగ్గరుకి తగిలితే నీ తొడలోకే. ట్రిగ్గరు మొత్తం కప్పే గట్టి తోలు వరలో, నడుముకి బెల్టుతో ఉండాలి. పైన చొక్కా కప్పాలి. మన ఎండల్లో చెమటకి తుప్పు పడుద్ది, రోజూ తుడవాలి. నువ్వు రోజంతా ఆటోలో కూర్చునే వాడివి. కూర్చున్న మనిషికి నడుం మీది వరలోంచి తీయడం సులువు కాదు. సీటు కింద పెడతావా, స్టాండులో ఎవడన్నా ఎత్తుకుపోతే ముందు నిన్నే జైల్లో వేస్తారు. ఇంటికొచ్చి లుంగీ కట్టుకుంటే ఎక్కడ తగిలిస్తావు? 2016 రూల్స్ ప్రకారం ముందు శిక్షణ తీసుకోవాలి. తాళం వేసిన పెట్టెలో, పిల్లలకి అందకుండా దాస్తానని రాసివ్వాలి.

చెప్తూ ఉంటే నాకే తెలిసింది. అనువైన పిస్తోలు అని మనం అడుగుతాం గానీ, పిస్తోలే మనిషిని అడుగుద్ది. నీకు విడిగా గదుందా, బీరువా ఉందా, గుళ్ళు కొని కాల్చి నేర్చుకునే డబ్బుందా, నీ గోడ ఇటుకదా రేకుదా అని. నాలుగో రూలు సంగతి చూడండి. గురి వెనక ఏముందో చూసుకో. మా పేటలో ఎటు కాల్చినా గురి వెనక మా ఇల్లే. తడిక, రేకు, పట్టా. వాటిని దాటిపోని తూటా లేదు. పక్కింట్లో ముసలమ్మ పడుకుని ఉంటది.

ఇదంతా విని మావాడు ఊరుకోలేదు. "అంబేడ్కర్ ఏం రాశాడు మావా?" అన్నాడు. 1936 నాటి కులనిర్మూలన పుస్తకం వాడి ఆటోలోనే ఉంటది. చాతుర్వర్ణ్యం కిందివాళ్ళకి ఆయుధం లేకుండా, చదువు లేకుండా, రాజకీయాధికారం లేకుండా చేసింది కాబట్టే తిరగబడలేకపోయారని ఆయన వాదం. "చదువొచ్చింది, ఓటొచ్చింది. మూడోదేది?" అన్నాడు. నేను, ఆయన మాట్లాడింది సైన్యం గురించిరా, జేబులో పిస్తోలు గురించి కాదు అన్నాను. మహార్లకి మూసేసిన సైన్యం తలుపు తెరవమన్నాడు, 1941లో మహార్ రెజిమెంటు వచ్చింది. తుపాకీ రాజ్యానిదే అయినప్పుడు ఆ రాజ్యంలో మనకి చోటుండాలన్నాడు.

"ఆ రాజ్యం చుండూరులో ఎటుంది?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులున్నారు. పారిపొమ్మని వాళ్ళే చెప్పారని బతికినవాళ్ళు చెప్పారు. పొలాల్లోకి పరిగెత్తినోళ్ళని వెంటాడి ఎనిమిది మందిని నరికారు, గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. 2007లో శిక్షలు పడినయ్, 2014లో హైకోర్టు కొట్టేసింది. అంతకుముందు 1985 జూలైలో కారంచేడు. చెరువు దగ్గర మున్నంగి సువార్త చేతిలో ఉన్నది బిందె. అదే ఎత్తింది. మర్నాడు ఊరు మీద పడ్డవాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళు, బరిసెలు. వాటికి లైసెన్సులు అక్కర్లేదు. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది. అప్పుడు ఐపీసీలో, 2024 జూలై నుంచి న్యాయ సంహితలో. అయితే అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు చెల్లదని కూడా ఉంది. చుండూరులో రక్షణ కోరే అవసరం కూడా లేదు, అధికారులు ఊళ్ళోనే ఉన్నారు.

"వందల మంది వస్తే ఆరు తూటాలతో ఏం చేస్తావురా?" అన్నాను.

"వందమందిని ఆపడానిక్కాదు మావా. మొదటోడు ఒక్క నిమిషం ఆలోచించడానికి."

ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వదు. మా అయ్య చేతిలో ఆ రోజు తుపాకీ ఉంటే చినబాబు నడక ఇంకోలా ఉండేది, నిజమే. కానీ ఆ తుపాకీ పేలి చినబాబు పిక్కలో రవ్వ దిగి ఉంటే? ముళ్ళకంప మీద పడ్డాడని చెప్పుకునేవాళ్ళా? మనచేతిలో పేలిన తుపాకీకి పొరపాటు అనే పేరు ఉండదు. నక్సలైటు అనే పేరుంటది. ఆ పేరుతో మన పిల్లలు ఎంతమంది పోయారో 80ల్లో, 90ల్లో చూశాం. మందికి తుపాకీ జాగ్రత్తంటే చెయ్యి జారకుండా చూసుకోవడం. మనకి, చెయ్యి జారకపోయినా సరిపోదు.

అయినా దరఖాస్తు రాయించాను. వద్దని చెప్పే హక్కు నాకెక్కడిది? దాంతో పాటు మూడో రూలు కింద వేరే అర్జీ పెట్టించాను, ఊళ్ళో ఉన్న లైసెన్సు తుపాకులు ముందు జమ చేయించమని. సాక్షులకి రక్షణ ఇవ్వాలని చట్టంలో చేర్చిన 15ఎ సెక్షను కింద ఇంకొకటి. మూడు రసీదులూ తీసుకున్నాం. సంఘాల్లో పనిచేసే పిల్లలకి నేను చెప్పేది, ఈ మూడూ కలిపే పెట్టండి. తుపాకీ మాకివ్వండి అని మాత్రమే అడిగితే, మా ప్రాణం మేమే చూసుకుంటామని మనమే సంతకం పెట్టినట్టవుద్ది.

పోలీసు రిపోర్టు వచ్చింది. "దరఖాస్తుదారుకు ప్రాణహాని ఉన్నట్లు విచారణలో తేలలేదు." రాసినాయన, అంతకు ముందు వారమే మావాణ్ణి పిలిచి, చీకటి పడ్డాక ఆ రోడ్డున ఆటో తోలొద్దని చెప్పిన ఆయనే.

అప్పీలు రాయడానికి మొన్న ఆదివారం వాడింటికి పోయాను. ఒకటే గది. పెట్టె ఎక్కడుంచుతావో చూపించు, అందులో రాయాలి అన్నాను. మంచం పక్కనున్న ట్రంకుపెట్టె చూపించాడు. దాని మీద పలక బల్ల వేసుకుని కూతురు ఎక్కాలు రాసుకుంటా ఉంది. లేమ్మా అన్నాడు. ఎందుకు నాన్నా అంది. ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ గడి ఖాళీగా వదిలేసి తర్వాతి గడి పూర్తి చెయ్యడం మొదలుపెట్టాను.