దారంలో లేని లేసు

ఆత్మకూరు దాటి ఉదయగిరి కొండల దిక్కుగా వెళితే, అక్కడి పనివాళ్లు నర్ది కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కుతారు. గోదావరి తీరాన నరసాపురం ఆడవాళ్లు దారంతో లేసు అల్లుతారు. ఒకచోట ఉన్నదాన్ని తొలిచి తీసేస్తారు, ఇంకోచోట విడి దారాన్ని ముడివేసి కూరుస్తారు. రెండు పనులూ ఒకే ప్రశ్న లేపుతాయి: తయారైన వస్తువు ముడిసరుకులో ముందే దాగి ఉందా, కొత్తగా పుట్టిందా? ఉందంటుంది సాంఖ్య దర్శనం, లేదంటుంది న్యాయ దర్శనం. తర్కసంగ్రహం రాసిన మన తెలుగువాడు అన్నంభట్టుది న్యాయపక్షం. గుడ్డకు దారాలు సమవాయి కారణం, వాటి కలయిక అసమవాయి కారణం, మగ్గం వంటివి నిమిత్త కారణం అని ఆయన విడదీశాడు. నాకూ ఆ పక్షమే సబబుగా తోస్తుంది. అందుకు గుడ్డకన్నా లేసే గట్టి సాక్ష్యం.

టాటింగ్ అనే అల్లికనే చూడండి. వేళ్ల చుట్టూ ఉంగరంలా పట్టిన దారం మీద, షటిల్ అనే చిన్న కండెకు చుట్టిన దారాన్ని తిప్పితే ముందు షటిల్ దారమే మెలిక పడుతుంది. వేళ్లమీది దారాన్ని వదులు చేసి షటిల్ దారాన్ని బిగలాగగానే ఆ మెలిక చటుక్కున రెండో దారానికి మారుతుంది, షటిల్ దారం మధ్యలో తిన్నగా నిలుస్తుంది. మారకపోతే ముడి బిగుసుకుపోతుంది, ఉంగరం మూసుకోదు. రెండుసార్లూ దారం అదే, పొడవూ అదే. తేడా అంతా కలయికలోనే.

సాంఖ్యుడు ఒప్పుకోడు. నూనె కోసం నువ్వులే గానుగాడతాం గాని ఇసుకను కాదు గదా అంటాడు. నిజమే, లేసుకు ఏ దారం పడితే అది పనికిరాదు. పురి వదులుగా ఉంటే పీచు లేచి ముడి జారదు. గట్టి పురిపెట్టి మెర్సరైజ్ చేసిన నున్నటి నూలు కావాలి. 20 నంబరు కన్నా 80 నంబరు సన్నం కాబట్టి అదే నమూనా చిన్నదవుతుంది. దారం రంగే గుడ్డ రంగుకు కారణమని అన్నంభట్టు కూడా అన్నాడు. కానీ యోగ్యత ఉండటం వేరు, వస్తువే ఉండటం వేరు. ఒకే ఉండతో టాటింగూ చేయవచ్చు, క్రోషే కూడా అల్లవచ్చు, చిక్కుముడీ పడవచ్చు. ఇవన్నీ అందులో ముందే ఉన్నాయంటే, ఏదీ ప్రత్యేకించి లేదన్నట్టే.

అద్వైతి ఇంకా లోతుకు వెళ్లి, దారం తీసేస్తే లేసెక్కడ, తూచినా దారం బరువే కదా అంటాడు. బరువు మాట ఒప్పుకుందాం. కానీ లేసును లేసుగా నిలిపేది దారం మధ్య వదిలిన ఖాళీ. దానికి తూకం లేదు, ఉండలో అది ఎక్కడా లేదు. నర్ది గరిటెలో పాయసం నిలిచే గుంట కూడా చెక్కకముందు కర్రలో లేదు.

అంతా తలరాత, పూర్వకర్మ అని చేతులు ముడుచుకునేవారికి ఇక్కడే జవాబుంది. పుట్టుకతో దక్కిన దారం గట్టిదో వదులుదో కావచ్చు. దాని గుణాన్ని కాదనడం మూర్ఖత్వం. అల్లకుండానే తప్పు దారానిదనడం మాత్రం సోమరితనం.