దారిలో వెనక్కి పిలిచే ఆట

మహాభారతంలో జూదం రెండుసార్లు జరిగింది. మొదటిసారి ధర్మరాజు రాజ్యాన్ని, తమ్ముళ్ళను, తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డి ఓడిపోయాడు. సభలో జరిగిన ఘోరం చూసి భయపడ్డ ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి, పోయిందంతా తిరిగి ఇచ్చేశాడు. పాండవులు రథాలెక్కి ఇంద్రప్రస్థానికి బయలుదేరారు. వాళ్ళింకా దారిలో ఉండగానే దుర్యోధనుడి ఒత్తిడికి లొంగి తండ్రి మళ్ళీ కబురంపాడు, ఇంకొక్క ఆట ఆడిపొమ్మని. ఏం జరగబోతోందో ధర్మరాజుకు తెలుసు. తెలిసే వెనుదిరిగాడు. పన్నెండేళ్ళ వనవాసమూ ఏడాది అజ్ఞాతవాసమూ ఆ రెండో ఆటలో వచ్చినవే.

నన్నయ తెనిగించిన సభాపర్వంలో మొదటి జూదం గురించి చెప్పుకున్నంతగా ఈ అనుద్యూతం గురించి ఎవరూ చెప్పుకోరు. జేబులో ఫోను పెట్టుకుని తిరిగే కాలానికి మాత్రం ఇదే దగ్గరి కథ. ఆడేవాడు లేచిపోయి ఇంటిదారి పట్టాక కూడా అతణ్ణి వదలని ఆట ఇది.

ప్రయాణంలో చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ ఎలా ఉండాలన్నది పైకి ఇంజినీర్ల ప్రశ్నలా కనిపిస్తుంది. తెర ఎంత ఉండాలి, బ్యాటరీ ఎన్ని గంటలు రావాలి, బొత్తాలు ఎన్ని పెట్టాలి అని. దాని అడుగున పాత ధర్మసందేహం ఒకటి ఉంది. మనిషి ఎదురుచూస్తూ గడిపే సమయం ఎవరిది? ఆ సమయాన్ని నింపడానికి వచ్చిన ఆట, పని పిలవగానే పక్కకు తప్పుకోవాలా, లేక పనితో పోటీ పడవచ్చా?

ఎదురుచూపులకు గుంటూరు, ప్రకాశం మైదానాల్లో కొదవ లేదు. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరుపడ్డ గుంటూరు యార్డులో సీజను వచ్చిందంటే రైతులు తమ టిక్కీల (మిర్చి బస్తాల) పక్కనే కూర్చుంటారు. సరుకు దిగాలి, వ్యాపారి కాయ చూడాలి, బేరం కుదరాలి, కాటా పడాలి, కమీషన్ ఏజెంటు లెక్క తేల్చాలి. పత్తితీతకూ మిరపకోతకూ వెళ్ళే ఆడవాళ్ళు పొద్దు పొడవకముందే ఆటో కోసం ఊరి సెంటర్లో నిలబడతారు. ఇవేవీ పూర్తి తీరిక సమయాలు కావు. వ్యాపారి ఏ నిమిషాన వస్తాడో తెలియదు. ఆటో ఆగేది క్షణమే. చేతులు ఖాళీగా ఉన్నా ఒక చెవి మాత్రం అటే ఉండాలి.

అలాంటి సమయంలో ఆట తగునా అన్న వాదం ఈ నేలకు కొత్త కాదు. బౌద్ధుల దీఘనికాయంలో మొదటిదైన బ్రహ్మజాల సూత్రంలో భిక్షువు దూరంగా ఉండాల్సిన ఆటల జాబితా ఉంది. వరుసకు ఎనిమిదేసి గళ్ళున్న పలక, పదేసి గళ్ళున్న పలక, పాచికలు, పిల్లల బొమ్మ నాగళ్ళు, బొమ్మ బళ్ళు కూడా అందులో కనిపిస్తాయి. పలకే లేని ఆట కూడా ఒకటి ఉంది. గళ్ళను ఆకాశంలో ఊహించుకుని, కాయలను మనసులోనే జరుపుతూ ఆడేది. వెంట తీసుకుపోగల ఆటల్లో ఇంతకన్నా తేలికైనది మరొకటి ఉండదు. దాన్ని కూడా విడిచిపెట్టాలంటుంది ఆ సూత్రం. ఏమరుపాటుకు అది చోటిస్తుందన్నదే అభ్యంతరం. కృష్ణ ఒడ్డున అమరావతి మహాచైత్యం చుట్టూ శతాబ్దాల పాటు బతికిన భిక్షుసంఘాలకు ఈ ఏమరుపాటే పెద్ద శత్రువు.

అక్కణ్ణుంచి నరసరావుపేట మీదుగా కోటప్పకొండకు వస్తే ఇంకో మాట వినిపిస్తుంది. ఎత్తైన ప్రభలు కట్టుకుని శివరాత్రికి ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చే త్రికోటేశ్వరుడి సన్నిధి అది. ఆ రాత్రి జాగరం ఉండాలి. శివరాత్రికీ ముక్కోటి ఏకాదశికీ కునుకు పట్టకుండా తెలుగు ఇళ్ళల్లో పెద్దలే వైకుంఠపాళి పటం పరిచేవారు. పుణ్యాలు నిచ్చెనలై పైకెక్కించేవి, పాపాలు పాములై కిందికి దించేవి, చివరి గడిలో పరమపదం ఉండేది. ఒక సంప్రదాయం ఆటను ఏమరుపాటు అంటే, మరో సంప్రదాయం దాన్నే మెలకువకు సాధనం చేసుకుంది.

రెండు మాటలూ నిజమే. జాగరం నాటి ఆటకు తెల్లవారడమనే హద్దు ఉంది, దాన్ని ఎందుకు మొదలుపెట్టారో ఇంటిల్లిపాదికీ తెలుసు. డచ్ చరిత్రకారుడు యోహాన్ హౌజింగా 1938లో రాసిన ‘హోమో లూడెన్స్’లో ఆట లక్షణాల్లో ఒకటిగా చెప్పింది ఈ హద్దునే. ఆటకు ప్రత్యేకించిన చోటు ఉంటుంది, ప్రత్యేకించిన సమయం ఉంటుంది, అవి దాటాక మామూలు బతుకు మొదలవుతుంది. చేతిలో ఇమిడే ఆట ఈ రెండు హద్దుల్లో ఒకదాన్ని పుట్టుకతోనే చెరిపేసింది. బస్సు, బడి, పొలంగట్టు, పడకమంచం, అన్నీ దానికి బరులే. కాబట్టి మిగిలిన రెండో హద్దును, అంటే సమయాన్ని, కాపాడవలసిన బాధ్యత ఆటను తయారుచేసేవాడి మీద రెట్టింపుగా పడుతుంది.

పల్లె ఆటల్లో ఈ హద్దు ఎవరూ గీయకుండానే ఉండేది. పులి-మేకకు అరుగు మీద సుద్దతో గీసిన పటం, పులులకు మూడు రాళ్ళు, మేకలకు పదిహేను గింజలు చాలు. వామనగుంటలకు నేలలో రెండు వరుసలుగా ఏడేసి గుంటలు, గుప్పెడు చింతపిక్కలు. పిలుపు వస్తే ఉన్నపళంగా లేచిపోవచ్చు. అవతల కూర్చున్నది మనిషి కనుక ‘రేపు చూద్దాంలే’ అంటే సరిపెట్టుకుంటాడు. అతనికీ పని ఉంటుంది.

యంత్రానికి ఈ మర్యాద నేర్పినవాడు జపాన్‌లోని నింటెండో సంస్థ ఇంజినీరు గుంపే యొకోయ్. బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక క్యాలిక్యులేటర్ బొత్తాలు నొక్కుతూ ఉండటం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1980లో వచ్చిన ‘గేమ్ అండ్ వాచ్’లో ఆటతో పాటు గడియారం కూడా ఉంది. ఆట ఆపితే అదే తెర మీద టైము కనిపించేది. 1989లో వచ్చిన గేమ్ బాయ్‌కి రంగుల తెర పెట్టలేదు. వెనక వెలుగు లేని పచ్చటి తెర, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు, అంతే. మరుసటి ఏడాది సెగా సంస్థ తెచ్చిన గేమ్ గేర్‌కు రంగులున్నా ఆరు బ్యాటరీలు కొద్ది గంటల్లోనే ఖర్చయిపోయేవి. బాగా నలిగిన, చవకైన పరిజ్ఞానాన్ని కొత్త పనికి వాడుకోవాలన్నది యొకోయ్ సిద్ధాంతం.

గేమ్ బాయ్‌తో పాటే ప్రపంచమంతా తిరిగింది టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రాసిన ఆట. నియమాలు చూడగానే అర్థమవుతాయి, ఒక దఫా కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది, మధ్యలో ఒక్క బొత్తాం నొక్కితే నిలిచిపోతుంది. 1993లో గేమ్ బాయ్ మీదికి వచ్చిన జెల్డా ఆట ‘లింక్స్ అవేకెనింగ్’ను ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకుని లేవొచ్చు. 2004 నాటి నింటెండో డీఎస్‌లో అది కూడా అక్కర్లేదు. మూత మూస్తే ఆట నిద్రపోతుంది, తెరిస్తే అదే అడుగు దగ్గర లేస్తుంది. ఇవన్నీ సౌకర్యాల కింద లెక్కకొస్తాయి గానీ, వీటన్నిటిలో ఉన్నది ఒకే నైతిక నిర్ణయం: నీ స్టేషను వచ్చింది, నువ్వు దిగు, నేను ఉంటాను.

తెలుగు పల్లెల్లో చాలామందికి తొలి చేతి ఆట నోకియా ఫోనులోని స్నేక్. తనేలి అర్మాంటో తయారుచేసిన ఆ ఆట 1997లో నోకియా 6110తో మొదలైంది. 2003లో వచ్చిన నోకియా 1100కి టార్చిలైటు ఉంది, దుమ్ము చొరని కీప్యాడ్ ఉంది. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి చేలోకి నడిచే రైతుకు ఆ టార్చి దారి చూపింది. అందులోని పాము ఆటకు సిగ్నల్ అక్కర్లేదు. పాము గోడకో తన తోకకో తగిలిందంటే ఆట అయిపోయినట్టే. రమ్మని అది ఎవరినీ పిలవలేదు.

ఆ తర్వాతి ఆటలు పిలవడం నేర్చుకున్నాయి. 2012లో వచ్చిన కాండీ క్రష్ సాగాలో ఐదు లైఫ్‌లు ఉంటాయి. అవి అయిపోతే ఆగాలి, అరగంటకొకటి చొప్పున మళ్ళీ నిండుతాయి. చూడటానికి ఇది విరామంలాగే ఉంటుంది. లైఫ్‌లు నిండాయంటూ ఫోను మోగినప్పుడు తెలుస్తుంది, ఆ విరామం కూడా ఆటలో భాగమేనని. హస్తినాపురం నుంచి దారిలోకి వచ్చిన దూత చేసిన పని ఇదే.

డబ్బు తోడైతే ఈ పిలుపు ప్రాణాంతకం. పన్నెండో శతాబ్దపు పలనాటి కథలో నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య జరిగిన కోడిపందెం ఆయన మాచర్ల పక్షాన్ని ఏడేళ్ళు ఊరికి దూరం చేసి, చివరికి కారంపూడి యుద్ధానికి దారితీసింది. పైగా ఈ మైదానాల్లో సేద్యమే ఒక ఒడ్డు. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టింది, 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలను ఎండగట్టింది. అప్పు తెచ్చి విత్తనం వేసి వాన కోసం, ధర కోసం చూసే మనిషికి ‘ఈసారి తగులుతుంది’ అన్న ఆశ రోజూ అవసరమే. ఆన్‌లైన్ రమ్మీ సరిగ్గా ఆ ఆశ మీదే చేయి వేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి రమ్మీ, పోకర్ లాంటి ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ఇవి అవసరమైన అడుగులే. అయితే చట్టం చూసేది డబ్బును. పైసా అడగని ఆట కూడా మనిషి చేత నిద్రను, పిల్లలతో గడిపే సాయంత్రాన్ని ఒడ్డించగలదు, దానికి ఏ సెక్షనూ లేదు.

ఆటకు కొలబద్ద మన తత్త్వశాస్త్రంలోనే ఉంది. ఏ లోటూ లేని బ్రహ్మం జగత్తును ఎందుకు సృష్టించిందన్న ప్రశ్నకు బ్రహ్మసూత్రాలు చెప్పిన జవాబు: లీలగా. కోరికలన్నీ తీరిన రాజు ఊరికే ఆడుకున్నట్టు అని దానికి శంకరుడు వివరణ ఇచ్చాడు. ఆడకపోయినా అతనికి పోయేదేమీ లేదు. ఆపాలనుకుంటే ఆపగలడు. ఆ స్వేచ్ఛ ఉన్నంతవరకే లీల. ముందుగా లోటును పుట్టించి, ఆ లోటు తీర్చుకోవడానికి ఆడించే ఆట లీలకు పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది. మనుషులు దేవుళ్ళు కారు, లోటు లేని మనిషీ ఉండడు. అయినా లేని లోటును కల్పించకుండా ఉండటం ఆట రాసేవాడి చేతిలో పనే.

ఈ మైదానాలకు తగిన చేతి ఆట ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు. మార్చి ఎండలో కూడా తెర కనిపించేలా ముదురు గీతలు, పెద్ద బొమ్మలు. ఒక్క బొటనవేలితో ఆడగలగాలి, రెండో చేతిలో సంచో టిక్కెట్టో ఉంటుంది. సిగ్నల్ లేకపోయినా నడవాలి. ఎక్కడ ఆపినా అక్కడే దాచుకోవాలి. మూడు నిమిషాల్లో ఒక దఫా ముగియాలి. ఫోను ఇద్దరి మధ్య చేతులు మారుతూ ఆడేలా ఉంటే మరీ మంచిది, లూడో కింగ్‌లో ఆ వీలు ఇప్పటికే ఉంది. నోటిఫికేషన్ ఒక్కటి కూడా పంపకూడదు. పులి-మేకకు ఈ లక్షణాలన్నీ సహజంగా అమరుతాయి. బాపట్ల, వడ్లమూడి, వడ్డేశ్వరం కాలేజీల్లో కంప్యూటర్ కోర్సులు చదివే పిల్లలకు దాన్ని రాయడం ఒక సెమిస్టరు పని.

చిక్కు సంపాదన దగ్గర వస్తుంది. గేమ్ బాయ్ ఆటలను కాట్రిడ్జిగా ఒక్కసారే అమ్మేవారు. కొన్నవాడు గంట ఆడినా వెయ్యి గంటలు ఆడినా కంపెనీకి వచ్చేది అంతే, కనుక అతణ్ణి పట్టుకుని కూర్చోవలసిన అవసరం వాళ్ళకు లేదు. ఉచితంగా దొరికే ఫోను ఆటకు ప్రకటనల మీద, ఆడినంతసేపు మీద ఆదాయం. ఆ లెక్క నడుస్తున్నన్నాళ్ళు ఎంత మంచి మనసున్న ఇంజినీరైనా చివరికి దూత ఉద్యోగమే చేయాల్సి వస్తుంది. కాబట్టి ఆటకు ముందే ఒక ధర పెట్టి, పది రూపాయలో ఇరవయ్యో ఒక్కసారి తీసుకుని వదిలేయడం న్యాయం. లేదా గ్రంథాలయాలకు పుస్తకాలు కొన్నట్టు ఇలాంటి ఆటలను ప్రభుత్వమే కొని జనానికి ఇవ్వవచ్చు. ఆటలు తయారుచేసే యువకులు, వాళ్ళకు పాఠం చెప్పే అధ్యాపకులు, ఆ చదువుకు ఫీజులు కట్టే మిర్చి, పత్తి రైతులు ముందుగా తేల్చుకోవలసింది ఈ ధర సంగతే.