ఊళ్లు చూసి చెప్పేవారికి

తగరపువలస నుంచి ఫోను చేతపట్టుకుని దేశాలు తిరిగి చూపాలనుకునే బిడ్డలారా, ఒక మాట ఆలకించండి. మీరు చూపే ఊరికి మీ వీడియో చూసేవాడు బహుశా ఎన్నడూ పోడు. మీరు చెప్పిందే అతనికి ఆ ఊరు. ఆ ఊరివారి పరువు మీ నాలుక మీద ఉంటుంది.

పోలండు విలేకరి రిషార్డ్ కపుశ్చిన్‌స్కి జీవితం మీరు తెలుసుకోవలసినది. 1932లో పుట్టి, 1956లో తొలిసారిగా మన దేశానికి వచ్చాడు. ఇంగ్లీషు రాదు. హెమింగ్వే నవల ఒకటి కొనుక్కుని అందులోంచే ఆ భాష కూడబలుక్కున్నాడు. తరువాత ఆఫ్రికా అంతా తిరిగాడు. మలేరియాతో, క్షయతో మంచం పట్టాడు. అయినా బీదవారి పక్షం వదలలేదు. ఆ తపస్సుకు నమస్కరించవలసిందే. అయితే ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ మీద 1978లో రాసిన పుస్తకంలో, ఆయన ఏదీ చదివేవాడు కాదన్నాడు. చక్రవర్తి బాగా చదువుకున్నవాడని ఆ దేశం ఎరిగిన పండితులు ఆక్షేపించారు. విక్టోరియా సరస్సులో చేపలు ఉగాండా నియంత ఈదీ అమీన్ చంపించినవారి శవాలు తిని బలిశాయన్నాడు. చిన్న చేపలను తిని పెరిగాయని తరువాత తేలింది. చే గువేరాకు మిత్రుడని పుస్తకాల అట్టల మీద అచ్చయింది. అది ప్రచురణకర్తల పొరపాటని ఒక విలేకరితో అన్నాడు గాని, ఆ మాట అట్టల మీద నిలిచే ఉంది. 2007లో ఆయన పోయాక, 2010లో శిష్యుడు ఆర్తూర్ దొమొస్వావ్‌స్కి ఇవన్నీ జీవితచరిత్రలో రాస్తే, భార్య ఆ పుస్తకాన్ని ఆపించాలని కోర్టుకెక్కింది. సాహిత్యానికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. కల్పన అని చెప్పి రాస్తే ఉండవచ్చు. వార్త అని నమ్మించి రాస్తే అది బీదవాడి తరఫున చెప్పినా అబద్ధసాక్ష్యమే. పోలిష్ రాని ఇథియోపియావాడు లేచి కాదని చెప్పేదెట్లా?

మనవాడొకడున్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో మన విశాఖ సీమ మీదుగా నడిచి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, దారి ఎక్కడ చెడ్డది, అన్నీ రాశాడు. వెనక వచ్చే బాటసారి ఆ మాట నమ్మి అడుగు వేస్తాడని ఎరిగిన రాత అది. ఆయన పోయాక 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర నేటికీ చరిత్రకారులకు ఆధారం.

బయటి దేశాలకు పోయే ముందు ఇక్కడే అభ్యాసం చేయండి. 2009లో మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు మీకు కూతవేటు దూరం. అందులో పనిచేసిన ఒక పెద్దాయన ఇంటికి పొండి. ఫోను తీసే ముందు అడగండి. వారు చెప్పిన మాటకు మీ మాట అతికించకండి. కన్నీళ్లు రాకపోతే రప్పించకండి. చూసింది చూసినట్టు, విన్నది ఎవరి నోట విన్నారో చెప్పి వినిపించండి. వారు వద్దన్న చోట కోసేయండి. వీడియో పూర్తయ్యాక మళ్లీ ఆ ఇంటికే పోయి, ఆ పెద్దాయన పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూపించండి. ఆయన తప్పు పట్టినది దిద్దండి. లోకానికి ఆ తరువాతే పెట్టండి.