హెచ్చరిక మ్రోగినప్పుడు

శ్రీశైల క్షేత్రమునకు ఎగువన, కృష్ణా భవనాశి నదుల సంగమస్థానమున సంగమేశ్వరాలయము కలదు. 1963వ సంవత్సరము జూలై 24వ తేదీన పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ఆనకట్ట పూర్తియై జలాశయము నిండిన పిమ్మట, ఈ ఆలయము సంవత్సరములో అధికభాగము నీటి అడుగుననే యుండును. జలాశయపు పూర్తి మట్టము 885 అడుగులు. వేసవి సమీపించి నీరు తగ్గినకొలదియు మొదట శిఖరము, తరువాత గోడలు, కడపట గర్భాలయము బయటపడును. వేపదారు లింగమని ప్రసిద్ధిగాంచిన స్వామిని దర్శింపవలెనను ఆతురతచే కొందరు భక్తులు, బురద ఆరి కాలిబాట ఏర్పడు వరకును ఆగలేక, పడవ యెక్కి బయలుదేరుదురు.

ఒకప్పుడు కర్నూలు జిల్లాలో చేరియుండి 2022 నుండి నంద్యాల జిల్లాలో నున్న ఈ ప్రాంతమునకుగాని, దక్షిణమున కడప సీమకుగాని, విస్తారమైన నీరు తరతరముల పరిచయము గల వస్తువు కాదు. కడవతో కొలుచుకొని నీరు వాడుకొన్న పల్లెలివి. పూర్వము తుంగభద్రను, కృష్ణను దాటుటకు పుట్టి యుండెడిది. పుట్టికి హెచ్చరిక గంట లేదు. అడుగున నీరు ఊరినచో కూర్చున్నవాని కాలికే తెలిసెడిది. నేటి పడవలో కూర్చున్న యాత్రికునకు తన కాలు ఏమియు చెప్పదు. తెలిసినవాడు పడవవాడు ఒక్కడే.

పడవ వెనుకభాగమున తగిలించు మోటారునకు తన్ను తాను చల్లబరచుకొనుటకు వేరొక నీటితొట్టి యుండదు. ఏ నీటిపై నడచునో ఆ నీటినే క్రింది రంధ్రములగుండా పీల్చి, ఒక చిన్న రబ్బరు చక్రముచే పైకి తోలి, వేడిని తీసికొని పోవునట్లు చేయును. ఆ నీరు సరిగా ప్రసరించుచున్నదనుటకు గుర్తుగా ప్రక్కనుండి సన్నని ధార యొకటి బయటకు చిమ్ముచుండును. నాచుగాని, ఒండ్రుమట్టిగాని, ప్లాస్టిక్ సంచిగాని ఆ రంధ్రములకు అడ్డుపడినచో ధార సన్నగిల్లును, యంత్రము కాగును, అలారము మ్రోగును. నూనె తగ్గినను, నూనె యొత్తిడి పడిపోయినను, కొన్నింటిలో పెట్రోలున నీరు కలిసినను, బ్యాటరీ బలహీనమైనను మ్రోత యుండును. ఏ మ్రోతకు ఏ అర్థమో తయారీని బట్టి మారును. కొన్ని యంత్రములు మ్రోగుటతో ఊరకొనక తమ వేగమును తామే తగ్గించుకొనును.

ఇట్టి పడవలు రెండు ఒక సాయంకాలము సంగమేశ్వరమునకు బయలుదేరినవని ఊహింపవచ్చును. నడుమనీటిలో రెండింటను అలారము మ్రోగినది. మొదటి పడవలో ఒక ముసలమ్మ, "నాయనా, అది ఎందుకట్ల అరుస్తాంది?" అని అడిగినది. "ఏం కాదులే అవ్వా, దానికది అలవాటు" అని పడవవాడు, మునుపటి యేడు తీగ తుప్పుపట్టి ఊరకే మ్రోగిన సంగతి జ్ఞప్తికి రాగా, ఆ తీగ లాగివేసి ముందుకు సాగెను. రెండవవాడు వేగము తగ్గించి, ధార కనబడకపోవుటచే యంత్రము నాపి, పైకెత్తి చూడసాగెను. చీకటి పడుచున్నదని యాత్రికులు వానిని విసుగుకొనిరి. చివరకు రెండు పడవలును క్షేమముగనే చేరినవి. మొదటివానిని సమర్థుడనిరి, రెండవవానిని పిరికివాడనిరి.

ఎవ్వరికిని హాని కలుగలేదు గనుక మొదటివానియందు దోషము లేదనవచ్చునా?

జ్ఞానము స్వతఃప్రమాణమని మీమాంసకులు చెప్పుదురు. కలిగిన జ్ఞానమును మొదట నిజమని గ్రహింపవలెను. అది తప్పని తేలుటకు రెండే మార్గములు. దానిని కలిగించిన సాధనమునందు దోషమున్నదని తెలియవలెను, లేదా దానికి విరుద్ధమైన మరియొక జ్ఞానము బాధకముగా రావలెను. పడవవానికి ఈ సూత్రము అక్షరాలా సరిపోవును. తీగయందు దోషమున్నదని ఇప్పుడు, ఈ క్షణమున, చూచి తెలిసికొన్నాడా? లేదు. ధార చక్కగా చిమ్ముచున్నదనియు, నూనె నిండుగా నున్నదనియు చూచి అలారమును కాదనినాడా? అదియు లేదు. నిరుటి తీగను నేటి తీగపై ఆరోపించినాడు. పొగమంచును చూచి ఒకసారి పొగ యని భ్రమించినవాడు, ఇక జన్మలో ఏ పొగను చూచినను నిప్పు లేదనుకొనుట వంటిదిది.

నైయాయికుల మాట వేరు. జ్ఞానము యొక్క ప్రామాణ్యము వెలుపలినుండి, అనగా దానిని నమ్మి చేసిన పని ఫలించుటనుబట్టి, నిర్ధారింపబడునని వారందురు. ఈ మాటను పట్టుకొని మొదటివాడు, "నడిపి చూచితిని, ఏమియు కాలేదు, కనుక అలారము అబద్ధము" అని వాదింపవచ్చును. తర్కమునకు నిలిచినను ధర్మమునకు నిలువని వాదమిది. మడుగులో ఒంటరిగా నున్నవాడు తన యంత్రముతో పరీక్షలు చేసికొనవచ్చును. పరీక్షకు వెల చెల్లించువారు వేరొకరైనప్పుడు, వారి యనుమతి లేనిదే, వారికి సంగతియైనను చెప్పనిదే, పరీక్ష చేయుటకు ఎవ్వడు అధికారి? ముసలమ్మ అడిగినది ఆ సంగతినే. ఆమెకు దొరికినది అబద్ధము. పడవ చేరకముందే దోషము పూర్తియైనది. చేరుటచే అది రద్దు కాలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద వరదలో పర్యాటకుల పడవ మునిగి పెక్కుమంది ప్రాణములు కోల్పోయినప్పుడు దేశమంతయు దుఃఖించినది. క్షేమముగా చేరిన నిర్లక్ష్యములను గూర్చి ఎవ్వరును విచారింపరు.

ఐనను అలారము మ్రోగగనే యంత్రము నాపుటయే ధర్మమని తీర్పు చెప్పుట తొందరపాటు. గాలి బలముగా వీచి పడవను రాళ్ళవైపు నెట్టుచున్నచో యంత్రము నాపినవాడు యాత్రికులను రాళ్ళకు అప్పగించినవాడగును. అప్పుడు యంత్రము కాలిపోయినను సరే, మెల్లగా ఒడ్డునకు చేర్చుటయే కర్తవ్యము. అలారము కాపాడునది యంత్రమును. పడవలో ఎవరున్నారో, గాలి ఎటు వీచుచున్నదో దానికి తెలియదు. అది సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదు. భగవద్గీత రెండవ అధ్యాయమున, ఇంద్రియముల వెంట పరుగెత్తు మనస్సు ప్రజ్ఞను హరించుటకు నీటిపై నావను గాలి ఈడ్చుకొనిపోవుటను పోలికగా చెప్పియున్నారు. తొందర యొక గాలి. భయము మరియొక గాలి. మొదటివానిని మొదటిది ఈడ్చినది. అలారము వినగనే వణకి చేతులెత్తువానిని రెండవది ఈడ్చును.

మనుష్యుని లోపల మ్రోగు హెచ్చరిక విషయమున ఈ చిక్కు మరింత గట్టిది. మనువు ధర్మమునకు మూలములను లెక్కించుచు శ్రుతిని, స్మృతిని, సదాచారమును చెప్పి, చివర ఆత్మతుష్టిని చేర్చెను. సందేహము కలిగినచోట సజ్జనుల యంతఃకరణమే ప్రమాణమని కాళిదాసు దుష్యంతునిచే పలికించెను. ఆ రాజు అంతఃకరణము శకుంతల కులమును గూర్చి నిజమే చెప్పినది. శాపముచేత నైనను, ఆమె నిండుసభలో నిలిచినప్పుడు అదే యంతఃకరణము మూగవోయినది. సజ్జనులకు అను మాట అందుచేతనే ముఖ్యము. తక్కువవారని పిలువబడినవారి యింట నీరు త్రాగుటకు వెనుకటి తరముల పెద్దలు పలువురు లోలోపల జంకిరి. ఆ జంకు నిజముగనే మ్రోగిన హెచ్చరిక, చెడినది తీగ. అది కాపాడదలచినది తమ పరువునే గాని ఎదుటివాని క్షేమమును కాదు. కాని అది చెడిన తీగ యని తెలిసికొన్నవారు విప్పి చూచి తెలిసికొన్నారు, త్రెంపివేసి కాదు. నిరుడు జంకు అబద్ధమైనది గనుక నేడు లంచము తీసికొనునప్పుడు కలుగు జంకును అబద్ధమే యనుకొనువాడు, ఆ పెద్దల సంస్కారమునకు వారసుడు కాడు, పడవవాని తీగకు వారసుడు.

రెండవ పడవవాడు ఆనాడు యంత్రము నెత్తి చూడగా క్రింది రంధ్రములను కప్పుకొని ఒక పలుచని ప్లాస్టిక్ సంచి చిక్కియున్నది. దానిలో ఇంకను కొంత పసుపు, రెండు మూడు వాడిన పూలు అంటియున్నవి. స్వామికి తెచ్చిన పూజాద్రవ్యములు సమర్పించి సంచిని నీటిలో విడిచిన భక్తుడెవ్వరో! పడవవాడు దానిని తీసి మడచి జేబులో పెట్టుకొని, ధార వచ్చు రంధ్రమును సన్నని తీగతో పొడిచి, యంత్రము కొంత చల్లారిన పిమ్మట తిరిగి నడిపెను. ధార చిమ్మినది, మ్రోత నిలిచినది.

మరునాటి ఉదయము రేవులో యాత్రికులెవ్వరును రాకముందే ఆతడు తాళము త్రిప్పి చెవి యొగ్గి నిలిచెను. ఆ జాతి మోటారులో తాళము త్రిప్పగనే అలారము ఒక్క క్షణము మ్రోగి ఆగవలెను. మ్రోగినచో అది బ్రతికియున్నదని అర్థము. మ్రోగనిచో ఆ దినమంతయు దాని మౌనమును నమ్ముటకు వీలులేదు. ప్రక్కనే మొదటి పడవవాడును తాళము త్రిప్పెను. ఆ యంత్రము నుండి ఏ మ్రోతయు రాలేదు. ఆతడు సంతోషముగా తాడు విప్పి, తొలి యాత్రికులను రమ్మని కేక వేసెను.