బడికి అప్పగింతలు

మన పెళ్ళిళ్ళలో ఎంత గుండె దిటవున్న తండ్రినైనా కంటతడి పెట్టించే ఘట్టం ఒకటుంది. అప్పగింతలు. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లోనూ మావగారి చేతుల్లోనూ పెట్టి, "ఇన్నాళ్ళూ మా పిల్ల, ఇకనించి మీ పిల్ల, కడుపులో పెట్టుకు చూసుకోండి" అని చెప్పుకుంటాం. ఆ మాట అనేముందు ఎంత వాకబు చేస్తామని! అటేడు తరాలూ ఇటేడు తరాలూ చూసే ఓపిక ఇప్పుడెవరికీ లేదుగాని, కుర్రవాడి జీతం, అలవాట్లు, అత్తగారి నోరు, ఆడపడుచుల లెక్క - ఇవన్నీ రాజోలునించి రావులపాలెందాకా ఉన్న చుట్టాలచేత ఆరా తీయించిగాని ముహూర్తం పెట్టించం.

అది పిల్లకి ఇరవై దాటాక, నోరూ లోకజ్ఞానమూ వచ్చాక చేసే అప్పగింత. దానికి ఎన్నో ఏళ్ళ ముందు, మూడో ఏటనే, ముక్కు తుడుచుకోవడం కూడా చేతకాని పసిదాన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టేశాం. అప్పుడేం వాకబు చేశామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఫీజెంత? ఇంగ్లీషు మీడియమేనా? వ్యాను మన వీధిలోకొస్తుందా? మహా అయితే ఈ మూడు. ఆ వ్యాను నడిపే అతనెవరో, పిల్లని బాత్‌రూముకి తీసుకెళ్ళేదెవరో, పిల్ల ఏదైనా చెప్పుకుంటే వినడానికి ఎవరున్నారో మనలో ఎంతమంది అడిగారు?

నిజమే, అనుమానం పెనుభూతం అన్నారు. ప్రతి మాష్టార్నీ, ప్రతి ఆయానీ అనుమానపు కళ్ళతో చూస్తుంటే ఇంక చదువెక్కడ, సంస్కారమెక్కడ? బడిలో పనిచేసే ప్రతివారి పూర్వాపరాలూ పోలీసులచేత విచారింపజెయ్యాలని ఇప్పుడు నిబంధన ఉందని చెబితే మా పక్కింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు. "చాల్లే అమ్మా, గురువుగారి మీద పోలీసు విచారణా! ఇంకా ఏం వినాలో!" అన్నారు.

పిన్నిగారి మాట తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. అందులో ఒక పాత ధర్మసందేహం ఉంది. ఒకరిని నమ్మాక వాళ్ళని పరిశీలించడం వాళ్ళని అవమానించడమా?

దీనికి నాకు తోచిన జవాబు మన ఊళ్ళోనే, గట్టుమీదే ఉంది. గోదారిని మనం తల్లి అంటాం. పసుపూ కుంకుమా ఇస్తాం. దీపాలు వదులుతాం. కాని ఆ తల్లికి అటూ ఇటూ గట్లు పోసుకోకుండా ఉన్నామా? ఏటా వరదల ముందు ఆ గట్టు ఎక్కడ జారిందో, ఎక్కడ కన్నం పడిందో చూసుకోకుండా ఉన్నామా? 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు గట్టుమీద ఇసకబస్తా వెయ్యడం గోదారమ్మకి అవమానమని అనరు. భక్తి భక్తే, గట్టు గట్టే. గట్టు ఉంది కాబట్టే రాత్రిళ్ళు నిద్ర పడుతోంది.

ఇదివరకు మనవాళ్ళు మగపిల్లాణ్ణి బడిలో వేస్తూ, "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడ కొట్టినా అడగం మాష్టారూ" అనేవారు. అప్పగింతంటే అదన్నమాట! అడగమని హామీ ఇచ్చి మరీ అప్పగించడం. బెత్తం సంగతి ఎలాగో తేలింది. 2002లో మన రాష్ట్ర ప్రభుత్వం బళ్ళలో పిల్లల్ని కొట్టడం నిషేధించింది. 2010 ఏప్రిల్ 1నించి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం, పదిహేడో సెక్షన్లో, కొట్టడమూ కూడదంది, మనసు గాయపరచడమూ కూడదంది. ఆచరణలో ఎంత ఉందనేది వేరే మాట. కనీసం "అడగం" అనే మాట చెల్లదని చట్టం చెప్పింది.

చెప్పుకోలేనివి ఇంకా ఉన్నాయి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఒక నివేదిక వేసింది. పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని కలిసి అడిగారు. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకి గురయ్యామన్నవాళ్ళు నూటికి యాభైమూడుమంది. ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ పనులు చేసినవాళ్ళలో సగంమంది పిల్లలకి తెలిసినవాళ్ళు, పిల్లల్ని కాపాడవలసిన చోట ఉన్నవాళ్ళు. ఇంకో సంగతి వింటే మగపిల్లల తల్లులు ఉలిక్కిపడతారు. అలా చెప్పిన పిల్లల్లో సగానికి కొంచెం పైగా మగపిల్లలే. "నాకేంలెండి, ఇద్దరూ మగపిల్లలే" అని నిశ్చింతగా ఉండేవాళ్ళకి ఆ నిశ్చింత చెల్లదని దాని అర్థం. అన్నిటికన్నా పెద్ద సంగతేమిటంటే, వాళ్ళలో చాలామంది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో జరిగింది మీరు మరిచిపోయి ఉండరు. నాలుగేళ్ళ పసిపాప. చేసింది పాఠం చెప్పేవాడు కాదు, ప్రిన్సిపాలుగారి కారు డ్రైవరు. తల్లి బిడ్డ వాలకంలో మార్పు కనిపెట్టింది గనక అది బయటపడింది. 2023 ఏప్రిల్లో కోర్టు అతనికి ఇరవయ్యేళ్ళ కఠినశిక్ష వేసింది. ఆ బడి పేరు నేను రాయను. పసివాళ్ళ ఆనవాలు తెలిపే ఏ వివరమూ, చివరికి బడి పేరయినా, పత్రికల్లో రాయకూడదని పోక్సో చట్టం చెబుతోంది. మంచి చట్టం.

ఇలాంటిది వినగానే మన రక్తం ఉడుకుతుంది. సహజం. కాని ఉడికిన రక్తానికి కళ్ళుండవు. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక బడి బాత్‌రూములో ఏడేళ్ళ పిల్లవాడు హత్యకి గురయ్యాడు. మొట్టమొదట పట్టుకున్నది బస్సు కండక్టర్ని. పేదవాడు, అడిగే నాథుడు లేనివాడు. దేశమంతా అతన్నే తిట్టిపోసింది. తర్వాత సి.బి.ఐ. విచారణ చేసి అతనికి సంబంధం లేదని తేల్చింది. మరుసటేడు కోర్టు అతన్ని వదిలేసింది. అంటే అజాగ్రత్త ఒక బిడ్డని బలి తీసుకుంటే, తొందరపాటు ఇంకో సంసారాన్ని వీధిన పడేసిందన్నమాట.

అంచేత కావలసింది అనుమానం కాదు, పద్ధతి. పద్ధతి లేనిచోటే అనుమానం పెరుగుతుంది, అదీ పేదవాడి మీదా లోకువైనవాడి మీదా. 2020లో వచ్చిన పోక్సో నిబంధనలు చెప్పేది ఈ పద్ధతి గురించే. పిల్లలతో పని ఉన్న ప్రతి సంస్థా, పంతుళ్ళనీ డ్రైవర్లనీ ఆయాలనీ వాచ్‌మన్లనీ తేడా లేకుండా, పర్మినెంటు అయినా కాంట్రాక్టు అయినా, ఎప్పటికప్పుడు విచారించుకోవాలి. పిల్లల రక్షణ మీద వాళ్ళకి అప్పుడప్పుడు శిక్షణ ఇప్పించాలి. అందరికీ ఒకటే విచారణ అయినప్పుడు ఎవరికీ అవమానం లేదు కదా! మా పిన్నిగారికి ఇదే చెప్పాను. "అందరికీనా? హెడ్మాష్టారిక్కూడానా?" అని అడిగి, "ఆయ్, అయితే సరే" అన్నారు.

శిక్షణంటే ఏమిటి, పంతుళ్ళకి కొత్తగా నేర్పేదేముంది అనుకోవచ్చు. మా వరసకి వదిన ఒకావిడ కొత్తపేట దగ్గర పల్లెటూళ్ళో టీచరు. ఆవిడ చెప్పిన సంగతి వినండి. ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తి మధ్యాహ్నం భోజనాలప్పుడు దగ్గరకొచ్చి నిలబడిందట. తల్లి కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తోంది, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. "టీచరుగారండీ, మీకో మాట చెప్తానండి, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అందట. ఒట్టంటే మనకి చిన్న విషయమా? మా వదిన తటపటాయించింది. వేస్తే నిలబెట్టుకోగలనో లేదో, వెయ్యకపోతే చెబుతుందో లేదో. "ముందు చెప్పవే, ఒట్టెందుకూ" అనేలోపల గంట కొట్టేశారు. "ఏం లేదులెండి" అని వెళ్ళిపోయింది పిల్ల. తర్వాత ఎన్నిసార్లు పిలిచి అడిగినా అదే జవాబు. ఏడాది తిరక్కుండా బడి మానిపించి ఎక్కడో చుట్టాలింటికి పంపేశారు. ఆ పిల్ల ఏం చెప్పబోయిందో మా వదినకి ఇప్పటికీ తెలీదు. "ఏమీ లేకపోయినా లేకపోవచ్చు వదినా. కాని నాకు రాత్రిళ్ళు ఆ పిల్ల మొహమే" అంటుంది.

తర్వాత శిక్షణ తరగతుల్లో ఆవిడకి ఒక్క వాక్యం నేర్పారు. "ఒట్టు వెయ్యలేను తల్లీ. కాని నువ్వు చెప్పింది నీకు మేలు చేసేవాళ్ళకి తప్ప ఇంకొకళ్ళకి చెప్పను." అంతే. ఎం.ఏ., బి.యిడి. చదివినా ఈ వాక్యం వాటిల్లో లేదు. శిక్షణంటే ఇలాంటివే. పిల్ల చెబుతున్నప్పుడు "ఛీ, అలా అనొచ్చా" అనకూడదు. "నీ తప్పు కాదు" అని చెప్పాలి. పదిమంది చేత పదిసార్లు చెప్పించకూడదు. ఆ మనిషిని పిలిపించి పిల్ల ఎదట నిలబెట్టి "నిజమేనా" అని అడక్కూడదు. పిల్ల మాటలు పిల్ల మాటల్లోనే రాసిపెట్టుకోవాలి. పోలీసులకి తెలియపరచాలి.

ఆఖరిమాట దగ్గర మన ప్రాణం గిలగిల్లాడుతుంది. "రచ్చకెక్కితే పిల్ల బతుకేంగాను? రేపు పెళ్ళెలా అవుతుంది?" ఈ భయం అబద్ధం అని నేను అనను. మన వీధుల్లో ఉండేదాన్ని, మన నోళ్ళు నాకు తెలీవూ? కాని ఒక మాట ఆలోచించండి. ఇంట్లో దొంగలు పడితే పోయింది మన సొమ్మే గాని మన పరువు కాదు కదా. తలెత్తుకునే పోలీసుస్టేషనుకి వెళతాం. మరి పసిబిడ్డ విషయంలో తప్పు చేసినవాడి సిగ్గుని మనమెందుకు నెత్తిన పెట్టుకోవాలి? మన మౌనంవల్ల బిడ్డకి ఒరిగేది లేదు. ఆ మనిషికి మాత్రం మర్నాడు కూడా అదే వ్యాను, అదే గది, ఇంకో బిడ్డ.

2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, అమల్లోకొచ్చిన పోక్సో చట్టం ఈ సందేహాన్ని మన చేతుల్లోంచి తీసేసింది. తెలిసినవాళ్ళెవరైనా సరే చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరునెలలదాకా జైలు, సంస్థకి పెద్దగా ఉన్నవాళ్ళు దాచిపెడితే ఏడాదిదాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. అలాగే మన భయాలు కూడా ఆ చట్టం రాసినవాళ్ళకి తెలిసినట్టే ఉంది. బిడ్డ ఇంటికో, బిడ్డ కోరిన చోటికో పోలీసులే రావాలి. వీలైనంతవరకు ఆడ ఆఫీసరు రావాలి, యూనిఫారం లేకుండా రావాలి. రాత్రిపూట బిడ్డని స్టేషన్లో ఉంచకూడదు. కోర్టులో ఆ మనిషి మొహం బిడ్డ కంటపడకుండా చూడాలి. ఇవన్నీ ఉన్నాయని తెలియకే చాలామంది తల్లులు నోరు నొక్కుకుంటున్నారు.

మన కోనసీమకి ఈ బాధ్యత రెండింతలు. ఎన్ని ఇళ్ళల్లో తల్లులు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి ఉన్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. డబ్బు వస్తుంది, డాబా లేస్తుంది. సాయంత్రం బిడ్డ మొహం చూసి "ఏమే, అలా ఉన్నావేం?" అని అడిగే మనిషే ఉండదు. అమ్మమ్మకి చూపానదు. ఫోన్లో తల్లికి చెబుదామంటే పక్కన పదిమంది. అలాంటి బిడ్డకి రోజూ ఎదురుగా కనిపించే చదువుకున్న మనిషి టీచరొక్కతే. ఆవిడకి మొహం చదవడం నేర్పకపోతే లెక్కలు, సైన్సు నేర్పి ఏం ప్రయోజనం?

నేరం బళ్ళదేనని తప్పుకుంటే మనమూ తప్పుకున్నట్టే. మాట వినే పిల్లే మంచిపిల్ల అని మనమే నూరిపోస్తాం. ఇష్టంలేదని బిడ్డ మొహం తిప్పుకుంటున్నా "మావయ్యకి ముద్దు పెట్టమ్మా, తప్పు కదూ" అని తోస్తాం. పెద్దవాళ్ళు ఏం చేసినా ఊరుకోవాలని పదేళ్ళు నేర్పి, అవసరమొచ్చిన రోజున "ఎందుకు అరవలేదే?" అంటే ఎలా అరుస్తుంది? వద్దనడం కూడా మర్యాదలో భాగమేనని ఇంట్లోనే నేర్పాలి. ఎక్కాలతోబాటు పది-తొమ్మిది-ఎనిమిది నేర్పండి. 1098. పిల్లలే ఫోన్ చేసుకోగలిగిన నంబరు అది. 1996లో బొంబాయిలో మొదలై, ఇప్పుడు ప్రభుత్వం చేతుల్లో నడుస్తోంది. తలకిందులుగా లెక్కపెట్టడం ఆటగా నేర్చుకుంటారు.

ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు మార్కుల సంగతి అయ్యాక ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. మీ బళ్ళో పనిచేసేవాళ్ళందరినీ విచారించారా? పిల్లల రక్షణ మీద శిక్షణ ఎప్పుడిప్పించారు? నా బిడ్డ ఏదైనా చెప్పుకోవాలంటే ఎవరి దగ్గరకెళ్ళాలి? అడగడానికి మొహమాటమంటారా? దింపు రోజున కొబ్బరితోటలో చెట్టుకింద నిలబడి ఒక్కొక్క కాయా లెక్కపెట్టుకునేవాళ్ళం మనం. దింపువాడు దొంగని కాదు, లెక్క లెక్కే గనక. అతనూ ఏమీ అనుకోడు, తను కూడా లెక్కపెట్టి చూపిస్తాడు. మంచి బడి అయితే హెడ్మాష్టారూ ఏమీ అనుకోరు. ఆయన మొహం చిట్లించారంటే, ఆ ప్రశ్న అక్కడ తప్పకుండా అడగవలసిందేనని మీకే తెలిసిపోతుంది.