పోయినవారిని పిలిచే ముందు



గీజాలో గొప్ప పిరమిడును కట్టింది సుమారు 4,500 ఏళ్ళ క్రితం. అప్పటికింకా భూమిపై మామత్‌లనే బొచ్చు ఏనుగులు బ్రతికే ఉన్నాయంటే నమ్ముతారా? దాదాపు 50 లక్షల ఏళ్ళ క్రితం ఆఫ్రికాలో మొదలైన వంశమది. ఐరోపా, ఆసియాలకు వ్యాపించి, సైబీరియా చలిలో దట్టమైన బొచ్చును, చిన్న చెవులను సంతరించుకుంది. వాతావరణం వేడెక్కి పచ్చిక బయళ్ళు తగ్గాయి. మనిషి వేట తోడయింది. సముద్రం పొంగి రాంగెల్ ద్వీపంలో చిక్కుకుపోయిన మంద మాత్రం మరో 6,000 ఏళ్ళు నిలిచి, ఆనక కనుమరుగైంది.

ఆసియా ఏనుగు జన్యువులను మార్చి మామత్ వంటి పిల్లను పుట్టిస్తామని 2021లో అమెరికాలో ఒక సంస్థ ప్రకటించింది. ఆ విద్య గొప్పదే. కాని అది తప్పా, ఒప్పా?

ఏనుగు పిల్ల బ్రతుకు నేర్చుకునేది తల్లి దగ్గర, మందలోని పెద్దల దగ్గర. మరి ఈ పిల్లకు మామత్‌లా బ్రతకడం ఎవరు నేర్పుతారు? మన ముచ్చట తీరడానికి ఒక ప్రాణిని అనాథగా పుట్టించే హక్కు మనకుందా?

ఇంకొక మాట. మామత్‌కు అతి దగ్గరి బంధువు ఆఫ్రికా ఏనుగు కాదు, మన ఆసియా ఏనుగే. ఆ బంధువేమో అడవిని పోగొట్టుకొని, మన చిత్తూరు పొలాల్లో కరెంటు తీగలకు ప్రాణాలు విడుస్తోంది.

తల్లి బ్రతికుండగా మందు కొనివ్వని కొడుకు, ఆమె సమాధికి పాలరాయి పరిపిస్తే మనమేమంటాం? పోయినవాటి కోసం మన దుఃఖం నిజమైతే, అది ఉన్నవాటికి దారి విడవడంలో కనబడాలి కదా!