పదవీవిరమణము - కాలక్షేపము

ఉద్యోగము చాలించుకొన్న గృహస్థుని "ఇపుడేమి చేయుచున్నారు?" అని అడిగినచో, "ఏమున్నది, కాలక్షేపము" అని బదులు వచ్చును. లోకమున ఈ మాటకు ప్రొద్దుపుచ్చుట అని అర్థము. శ్రీవైష్ణవ సంప్రదాయములో మాత్రము ఆచార్యుని సన్నిధిని కూర్చుండి శ్రీభాష్యమునో, భగవద్విషయమునో క్రమముగా వినుట కాలక్షేపము. ఒకే పదమునకు ఇంత ఎడమైన రెండర్థములు పక్కపక్కన నిలుచుటను చూచినపుడు, వార్ధక్యమును గూర్చిన సందేహమొకటి మనస్సున మెదలును. కష్టపడి ఆర్జించినవాడు చివరి దినములలో సుఖముగా కూర్చుండుట దోషమా? పరలోకమునకు సిద్ధపడుట యనగా సుఖమును త్యజించుటయేనా?

దేహము ముడుతలు పడి, తల నెరసి, కుమారునకు కుమారుడు కలిగినపుడు గృహస్థు అడవికేగవలెనని మనువు విధించెను. ఆ కాలమును నేడు ప్రభుత్వపు ఉత్తరువు నిర్ణయించుచున్నది. ఆంధ్రప్రదేశమున ఉద్యోగుల విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి పెరిగినది. వృద్ధులకు భృతి నేర్పరచుటకై 1889లో జర్మనీ దేశమున చట్టము చేసినపుడు, 70 ఏండ్లు నిండినవారికే అది లభించెడిది. అంతవరకు జీవించువారు ఆనాడు కొలదిమంది. ఇపుడన్ననో విరమణానంతరము ఇరువది సంవత్సరములు మిగులుట సామాన్యమైనది. మనుకాలమువారు ఎరుగని సంపద ఇది. సంపద కనుకనే దీనిపై ప్రశ్న పుట్టుచున్నది.

ఈ ప్రశ్న క్రైస్తవులను మనకంటె తీవ్రముగా వేధించినది. వారి మతమున జన్మ ఒక్కటే; దాని వెనుక తీర్పు, ఆపైన శాశ్వతత్వము. లూకా వ్రాసిన సువార్తలో ఏసుక్రీస్తు చెప్పినట్లుగా ఒక రైతు కథ కలదు. ఆ రైతుకు పంట విస్తారముగా పండెను. ఉన్న కొట్లు చాలవని వానిని పడగొట్టి పెద్దవి కట్టదలచి, ఇక అనేక సంవత్సరములు తిని త్రాగి సుఖింతునని తనలో తాను అనుకొనెను. ఆ రాత్రియే వాని ప్రాణమునకు పిలుపు వచ్చెను. ఈ కథలో ఆ రైతు దొంగ కాడు, కూలివారిని వంచించినట్లును చెప్పబడలేదు. వ్యాకరణము చదివినవాని చెవికి మరియొకటి వినబడును: వాని మాటలన్నియు నా పంట, నా కొట్లు, నా ధాన్యము, నా ప్రాణము అని షష్ఠీవిభక్తిలోనే నడచుచున్నవి. మమ యను రెండక్షరములు మృత్యువనియు, న మమ యను మూడక్షరములు శాశ్వతబ్రహ్మమనియు భారతము చెప్పినది ఇదియే కదా. ధాన్యము ఉండుట దోషము కాలేదు. రానున్న సంవత్సరములు కూడ కొట్టులో పోసికొన్న ధాన్యమేయని తలచుట దోషమైనది.

లోకచరిత్రలో ఘనమైన పదవీవిరమణము ఐదవ చార్లెస్ చక్రవర్తిది. స్పెయిను, నెదర్లాండ్సు, జర్మనీ, ఇటలీలో పెద్ద భాగము, అమెరికా ఖండమున క్రొత్తగా ఆక్రమించిన భూములు ఆయన ఏలుబడిలో నుండెను. కీళ్ళవాతముచే క్రుంగి, 1555 అక్టోబరులో బ్రస్సెల్స్ నగరమున సభ చేసి నెదర్లాండ్సును, మరుసటి సంవత్సరము స్పెయిను రాజ్యమును కుమారుడైన ఫిలిప్పునకు అప్పగించెను. 1557 ఫిబ్రవరిలో స్పెయినుదేశమున యూస్తే అనుచోట సన్న్యాసుల మఠమును చేరెను. అచట ఆయన చేసినది తపస్సని చెప్పుట కష్టము. మఠమునకు ఆనించి ఇల్లు కట్టించుకొనెను. సేవకులు ఏబదిమంది వరకు నుండిరి. వైద్యులు వారించినను మాంసాహారమును, మద్యమును విడువలేదు. గడియారములపై మిక్కిలి మక్కువ. వానిని సరిచూచుటకు తుర్రియానో అను నిపుణుని వెంట నుంచుకొనెను. విడిచితిననుకొన్న రాజ్యమునుండి లేఖలు వచ్చుచునేయుండెను, ప్రత్యుత్తరములు పోవుచునేయుండెను.

దీనిని చూచి నవ్వుట సులభము. మన ఇండ్లలో విరమించిన పెద్దలు విడిచివచ్చిన కచ్చేరి సంగతులను రెండుపూటల విచారించుచునేయుందురు గనుక, నవ్వు వెంటనే ఆగిపోవును కూడ. కాని ఆ ఇంటిలో ఒక విశేషము కలదు. చక్రవర్తి తన పడకగదిని దేవాలయపు గోడకు చేర్చి, నడుమ ద్వారము పెట్టించెను. లేవలేని దినమున మంచముపై నుండియే అర్చనావేదిక కానవచ్చునట్లు దానినమర్చిరి. 1558 సెప్టెంబరు 21న ఆయన మలేరియా జ్వరముతో మరణించునపుడు, భార్య తన అంత్యసమయమున పట్టుకొనిన శిలువనే చేత పట్టుకొనియుండెను. జిహ్వను జయింపలేదు, రాజకార్యమును మరువలేదు. అయినను మంచమును ఏ దిక్కున వేయవలెనో ఎరిగియుండెను.

అంతకుముందు అగస్టీను అను క్రైస్తవాచార్యుడు 430వ సంవత్సరమున ఆఫ్రికా ఉత్తరతీరమందలి హిప్పో నగరమున, శత్రువులు ముట్టడించియుండగా, పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి తన మంచము ప్రక్క గోడకు అంటింపించి, పదిదినములు ఎవ్వరిని రానీయక చదువుచు కన్నీరు కార్చెనట. ఆయన మరణశాసనము వ్రాయలేదు. వ్రాయుటకు ఆస్తి లేదు.

పదునైదవ శతాబ్దమున ఐరోపాలో చక్కగా మరణించుటెట్లో నేర్పు చిన్నపుస్తకములు బొమ్మలతో వెలువడెను. అవిశ్వాసము, నిరాశ, అసహనము, గర్వము, లోభము అను ఐదును మంచముచుట్టు మూగునని వానిలో చెప్పిరి. లోభమును చూపు బొమ్మలో రోగియెదుట అతని ఇల్లు, మద్యపు పీపాలు, గుఱ్ఱము కనబడును. ఇంగ్లండున జెరెమీ టేలర్ అను మతగురువు 1651లో మరణమును గూర్చి గ్రంథము వ్రాసి, రోగశయ్యపై ప్రారంభించిన సాధన ఆలస్యమైనదనియు, ఆరోగ్యముండగనే అది జరుగవలెననియు బోధించెను.

శ్రీవైష్ణవులకు ఈ మాట క్రొత్తది కాదు. అయితే అనేక జన్మలున్నవను విశ్వాసము కొందరిని సోమరులను చేయుచున్నది. ఈ జన్మకు మనుమల పెండ్లిండ్లు, పైజన్మకు భగవంతుడు అనుకొందురు. ప్రపన్నునకు ఆ సాకు లేదు. శరణాగతి చేసినవానికి ఇదియే చరమజన్మ యని పూర్వాచార్యుల నిశ్చయము. జన్మ ఒక్కటేయను క్రైస్తవునకును, జన్మ ఇక లేదను ప్రపన్నునకును మిగిలియున్న దినముల లెక్కలో భేదము లేదు.

భేదమున్నది భయమునందు. రాజ్యము విడిచి అడవికేగిన భరతుడంతటివాడు లేడిపిల్లను తలచుచు మరణించి లేడియై పుట్టెను. కఫము కంఠమునకు అడ్డుపడిన వేళ స్మరణ నిలుచుటెట్లని కులశేఖరులు కలవరపడిరి. స్మృతి తప్పిన వృద్ధులను ఇంట పెట్టుకొన్నవారికి ఈ కలవరము గ్రంథములో మాటగా తోపదు. తిరుమలలో స్వామిపుష్కరిణి గట్టున ముందుగా దర్శించు వరాహస్వామియే దీనికి ఉత్తరము చెప్పెను. మనస్సు స్వస్థముగా, దేహము దృఢముగా నున్నపుడు నన్ను తలచినవాడు, అంత్యమున కట్టెవలె, రాయివలె పడియున్నను, వానిని నేను తలతును, పరమగతికి నేనే కొనిపోదునని భూదేవికి మాట ఇచ్చెను. తలచు భారము కడపట జీవునిపై లేదు. స్వస్థముగానున్న కాలము మాత్రము జీవునిది. అనగా పింఛను తీసికొను ఈ కాలము.

మోక్షమునకై చేయవలసినది శరణాగతితో ముగిసినచో, దేహము నిలిచియున్నన్నాళ్ళు ఏమి చేయవలెను? శిష్యులు భగవద్రామానుజులను అంత్యకాలమున ఇదియే అడిగిరని సంప్రదాయము చెప్పును. శ్రీభాష్యమును చదివి చెప్పుడనిరి. అది చేతకానిచో దివ్యప్రబంధమును సేవింపుడనిరి. అదియు కానిచో దివ్యదేశమున పూమాల, దీపము, తళిగ కైంకర్యము చేయుడనిరి. అదియు కుదరనిచో ద్వయమంత్రార్థమును చింతింపుడనిరి. అదియు కానిచో తన్ను తనవానిగా తలచు వైష్ణవుని నీడను చేరుడనిరి, తిరునారాయణపురమున ఒక గుడిసె కట్టుకొని నివసింపుడనిరి. భాష్యమునుండి గుడిసెవరకు మెట్టుమెట్టుగా దిగివచ్చిన ఆ కరుణలో, ఏ ముసలివాడును చదువురాదనియో, కాలు కదలదనియో తప్పించుకొను వీలు లేదు. ఆచార్యులు గుడిసె కట్టుకొనుడనిరి కాని, ఎండలో నిలువుడనలేదు. కట్టుకొనవలసిన చోటు మాత్రము తామే చెప్పిరి.